తప్పు ఢోలక్‌ది కాదు, గదిది

ఈ వారం వీడియోలో మా రిహార్సల్ గది చూశారు కదా. గోడల మీద ఆ గుడ్డ ప్యానెళ్ళేంటి, మూలల్లో ఆ దిమ్మలేంటి అన్నది అక్కడ రెండు నిమిషాల్లో చెప్పేశాను. ఇక్కడ వివరంగా రాస్తున్నా. ఎందుకంటే ఈ విషయం తెలియక మేం ఒక మంచి మనిషిని బాధపెట్టాం.

మా భజన బ్యాండ్‌లో ఐదుగురం. రిహార్సల్ అయినా రికార్డింగ్ అయినా మా మేడ మీద గదిలోనే. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. సిమెంటు గోడలు, టైల్స్ నేల, ఒక కిటికీ. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇలాంటి గది ఉండే ఉంటుంది.

ప్రతి రికార్డింగ్‌లో రెండే గోలలు. పదాలు స్పష్టంగా ఉండవు. కింద ఎప్పుడూ ఒక గుబగుబ. అమ్మమ్మ ఫోన్‌లో విని, "పాట బానే ఉంది గానీ ఒక్క మాటా అందట్లేదు నాన్నా" అంది. మేమేం చేశాం? ఢోలక్ ఎక్కువైందని తేల్చేశాం. ప్రతి టేక్‌కీ "అన్నా, కొంచెం మెల్లగా" అనేవాళ్ళం. ఆయన తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి వేళ్ళతో తట్టే దాకా వచ్చారు. ఒక శనివారం "నా చెయ్యే మీకు బరువైనట్టుంది" అని ఢోలక్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మూడు వారాలు రాలేదు.

ఆ మూడు వారాల్లో మేం కొత్త మైక్ కొన్నాం. ఒక్క హార్మోనియం, ఒక్క గొంతుతో రికార్డ్ చేశాం. ఢోలక్ లేదు. గుబగుబ మాత్రం అలాగే ఉంది! అదీ ప్రతి స్వరానికీ కాదు, కింది స్థాయిలో ఒక్క స్వరం దగ్గరే. అప్పుడు గానీ మాకు గది వైపు చూడాలని తోచలేదు.

గది ఏం చేస్తుంది?

రెండు పనులు చేస్తుంది. ఆ రెంటినీ కలిపేయకండి.

మొదటిది, మోగుతూ ఉండడం. గట్టి గోడలు శబ్దాన్ని తిప్పి కొడతాయి. మీరు "రా" అన్నది ఆగేలోపు "మా" వచ్చేస్తుంది, రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అచ్చులు బలంగా ఉంటాయి కాబట్టి బతికిపోతాయి, మెత్తటి హల్లులు మునిగిపోతాయి. రాతి మండపంలో ఒక్క గొంతుతో నిదానంగా ఆలాపన చేస్తే ఆ మోతే అందం. అదే మోతలో ఐదుగురు ద్రుతంగా భజన చేస్తే మాట ఉండదు. కాబట్టి మోత చెడ్డదని కాదు, మన పాటకి సరిపోవాలి.

రెండోది, ఒక స్వరాన్ని పట్టుకుని ఊపడం. ఉయ్యాలని సరైన సమయానికి తోస్తే ఎత్తుకి పోతుంది చూడండి, అలాగే గోడకీ గోడకీ మధ్య దూరానికి సరిపోయే స్వరం దొరికితే గది దాన్ని పెద్దది చేస్తుంది. లెక్క సులువే. శబ్దం సెకనుకి దాదాపు 1,130 అడుగులు వెళ్తుంది. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించండి. మా వెడల్పు 10 అడుగులు, అంటే 1,130ని 20తో భాగిస్తే 56.5 హెర్ట్జ్. దాని రెట్టింపు 113 దగ్గర కూడా అదే గొడవ. మా గది ఎత్తు కూడా 10 అడుగులే! అంటే రెండు వైపుల నుంచీ ఒకే స్వరానికి తోపు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే మాకు గుబగుబ వస్తున్నది సరిగ్గా 113 చుట్టుపక్కలే. అన్న ఢోలక్ ఎడమ వైపు దెబ్బ పడేదీ అక్కడే. పాపం, ఆయన ఒక వంతు కొడితే గది రెండు వంతులు కలిపింది.

డబ్బు పెట్టే ముందు మూడు పరీక్షలు

1. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. వెనకాలే సన్నగా "ట్ర్‌ర్‌ర్" అని వినిపిస్తే ఎదురెదురు గోడలు శబ్దాన్ని బంతిలా ఆడుకుంటున్నాయని అర్థం.

2. కింది స్థాయి నుంచి మెల్లగా పైకి జారుతూ "ఊ" అనండి. ఎక్కడో ఒక చోట గొంతు ఉన్నట్టుండి పెద్దదవుతుంది. అదే మీ గది స్వరం.

3. మంచం మీది పరుపులు తెచ్చి గోడలకీ మూలలకీ నిలబెట్టి మళ్ళీ రికార్డ్ చేయండి. తేడా వినిపిస్తే ప్యానెళ్ళు పనిచేస్తాయని ముందే తెలిసిపోతుంది.

ఈ మూడోది తమాషా కాదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్త లెక్చర్ హాల్లో ఎవరికీ మాట అర్థం కాకపోతే, వాలెస్ సబైన్ అనే యువ ఆచార్యుడికి ఆ పని అప్పజెప్పారు. ఆయన రాత్రిపూట పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, ఆర్గాన్ గొట్టం మోగించి, శబ్దం ఎంతసేపట్లో చచ్చిపోతుందో స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. తెల్లారేలోపు మెత్తలు మళ్ళీ యథాస్థానంలో! ఆ కొలతల్లోంచి వచ్చిన సూత్రమే ఇప్పటికీ వాడుతున్నాం.

సూత్రం, మా గదికి

గది ఘనపరిమాణాన్ని ఘనపు అడుగుల్లో తీసుకుని 0.049తో గుణించి, శబ్దాన్ని పీల్చే విస్తీర్ణంతో భాగించాలి. వచ్చేది సెకన్లు. పీల్చడానికి కొలబద్ద తెరిచిన కిటికీ, ఎందుకంటే అందులోంచి పోయిన శబ్దం తిరిగి రాదు. మా గది 1,200 ఘనపు అడుగులు. గోడలు, నేల, కప్పు అన్నీ కలిపి 680 చదరపు అడుగులున్నా, పీల్చేది దాదాపు 27 చదరపు అడుగుల కిటికీ అంత మాత్రమే. అంటే మోత రెండు సెకన్ల పైమాట. మాట తెలియాలంటే అర సెకను లోపుకి రావాలి, అంటే పీల్చేది 120 చదరపు అడుగులు దాటాలి.

మేం చేసింది

రాక్‌వూల్ పలకలు కొన్నాం. రెండంగుళాల మందం, ఘనపు మీటరుకి 48 కిలోల రకం. రెండేసి కలిపి నాలుగంగుళాలు చేసి, చెక్క ఫ్రేముల్లో బిగించి, గుడ్డ చుట్టాం. గుడ్డకి నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి పోవాలి, అలాంటిదే తీసుకోండి. రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి.

మూడడుగులు, రెండడుగుల ప్యానెళ్ళు మొత్తం 12. ఆరు గోడలకి, గోడకీ ప్యానెల్‌కీ మధ్య నాలుగంగుళాల ఖాళీ వదిలి. ఆ ఖాళీ వల్ల అదే ప్యానెల్ ఇంకా కింది స్వరాల్ని కూడా పట్టుకుంటుంది, పైసా ఖర్చు లేకుండా. మేం కింద కూర్చుని పాడతాం కాబట్టి వాటిని నేల నుంచి అడుగు ఎత్తులోనే పెట్టాం. నాలుగు ప్యానెళ్ళు రెండు మూలల్లో అడ్డంగా. రెండు పైకప్పుకి, ఫ్యాన్‌కి దూరంగా, గట్టి హుక్కులతో. నేల మీద మందపాటి జంపఖానా, కిటికీకి బరువైన కర్టెన్. మనుషులం కూడా పీలుస్తాం, ఐదుగురం కలిసి 20 చదరపు అడుగుల దాకా!

113 దగ్గర గుబగుబ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. మిగతాది చోటు మార్చడంతో తగ్గింది. ఇన్నాళ్ళూ ఢోలక్‌నీ మైక్‌నీ సరిగ్గా వెడల్పు మధ్యలో పెట్టేవాళ్ళం. మా గదిలో ఆ స్వరం బాగా ఊగేది అక్కడే. పక్క గోడకి రెండున్నర అడుగుల దగ్గర అది చాలా తక్కువ. ఢోలక్‌ని అక్కడికి జరిపాం. అంతే.

వద్దు అనేవి

కోడిగుడ్ల ట్రేలు, థర్మాకోల్ అతికించకండి. పీల్చేది అంతంతమాత్రం, అంటుకుంటే మాత్రం ప్రమాదం. ఒక్క అంగుళం ఫోమ్ గది నిండా అతికించినా పై స్వరాలు మాత్రమే చచ్చిపోయి, గుబగుబ అలాగే మిగులుతుంది. ఇంకోటి, ఈ ప్యానెళ్ళు పక్కింటికి శబ్దం పోకుండా ఆపవు. దానికి బరువైన గోడ, సందులు లేని తలుపు కావాలి. తలుపు అంచులకి రబ్బరు పట్టీ వేయండి, రాత్రి తొమ్మిదికి ఆపేయండి.

మొత్తం ఖర్చు ఆ కొత్త మైక్ ధరలో సగం కూడా కాలేదు.

ప్యానెళ్ళు పెట్టాక నేనే అన్న ఇంటికి వెళ్ళాను. పాత రికార్డింగ్, ఢోలక్ లేని రికార్డింగ్ రెండూ వినిపించి, "తప్పు నీది కాదన్నా, మేం వినలేదు" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇన్నాళ్ళూ నా చెయ్యి పాడైందనుకున్నాను రా" అన్నారు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆదివారం వచ్చారు. ఎవరూ "మెల్లగా" అనలేదు. ఆ రికార్డింగే ఈ వారం వీడియో. అమ్మమ్మ విని చరణం మొత్తం తిరిగి పాడి వినిపించింది.

ఈ వారం మీ పని ఒక్కటే. గదిలోకి వెళ్ళి ఒక్క చప్పట్లు కొట్టండి. పక్కనున్న వాళ్ళని ఏమైనా అనే ముందు, గది ఏమంటోందో వినండి. మళ్ళీ కలుద్దాం!