వృత్తి నిర్ణయము – జీవిత లక్ష్యము
(వాల్‌చంద్ హీరాచంద్ జీవితమునుండి కొన్ని పాఠములు)

పిల్లవాని చదువు ముగియు వేళకు ప్రతి వ్యాపార కుటుంబములోను ఒక చర్చ బయలుదేరును. తండ్రి దుకాణమున కూర్చుండుమనును. కుమారుడు వేరొకటి చేయుదుననును. తల్లి ఇరువురి నడుమ నలిగిపోవును. బంధువులు వచ్చి, ఏ పనిలో ఎంత మిగులునో లెక్క చెప్పి పోవుదురు. ఆ పని ఎందుకు చేయవలెనను ప్రశ్న మాత్రము ఎవరి నోటను రాదు.

ఇది విచిత్రము. అంగడి తెరచుటకు ముందు వర్తకుడు స్థలము చూచును, సరుకు చూచును, అరువు ఎంత ఇయ్యవచ్చునో, వసూలు ఎట్లుండునో విచారించును. కాని కుమారుని నలువది సంవత్సరముల జీవితమును ఒక పూట మాటలతో తేల్చివేయును. కుమారుడును అంతే. తనకు ఇష్టమైనదే తన లక్ష్యమని భ్రమపడును. ఇష్టము వేరు, లక్ష్యము వేరు. తనకు ఏమి కావలెనని అడుగునది ఇష్టము. తన వలన పదిమందికి ఏమి జరుగవలెనని అడుగునది లక్ష్యము. ఈ భేదము తెలియుటకు వాల్‌చంద్ హీరాచంద్ జీవితము మంచి పాఠము.

వాల్‌చంద్ 1882వ సంవత్సరము నవంబరు 23వ తేదీన షోలాపురమున జన్మించెను. షోలాపురము తెలుగువారికి పరాయి ఊరు కాదు. అచ్చట మగ్గమును నమ్ముకొని స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబములు అనేకము. వాల్‌చంద్ వంశీయులును అట్లే గుజరాతు దేశమునుండి వచ్చి స్థిరపడిన దిగంబర జైనులు. ఇంటిలో ప్రత్తి వ్యాపారము, వడ్డీ వ్యాపారము ఉండెను. కాలేజీ చదువు మధ్యలో నిలిచిపోగా ఆయన కుటుంబ వ్యాపారమున ప్రవేశించెను. కాని గద్దెపై కూర్చుండి వడ్డీ లెక్కించుట ఆయన మనస్సునకు పట్టలేదు.

అంతమాత్రమున ఆయన ఇల్లు విడిచి పారిపోలేదు. పెద్దలతో తగవు పెట్టుకొని చేతులు ముడుచుకొని కూర్చుండనూ లేదు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి ఆ పని లోతుపాతులెరిగిన లక్ష్మణరావు ఫాటక్ అను వానితో భాగస్వామ్యము కుదుర్చుకొని, బార్శీ లైట్ రైల్వే నిర్మాణములో కాంట్రాక్టు పట్టెను. ఒకరికి పని తెలియును, మరియొకరికి పెట్టుబడి పలుకుబడి కలవు. ఇట్లు మొదలైన పని క్రమముగా పెరిగి, భోర్ ఘాట్ కొండలలో రైలు సొరంగములు త్రవ్వువరకు వచ్చెను. కూలీలను కూడగట్టుట, ఖర్చు ముందుగా అంచనా వేయుట, గడువులోపల పని ముగించుట – ఇవన్నియు ఆయన ఈ సంవత్సరములలో నేర్చుకొనెను. ధనమును సమకూడెను. అప్పటికి ఓడల మాటయే లేదు.

ఆ మాట 1919లో వచ్చెను. గ్వాలియరు మహారాజుగారి ‘లాయల్టీ’ అను నౌక అమ్మకమునకు వచ్చినది. వాల్‌చంద్, నరోత్తమ మొరార్జీ మొదలగు మిత్రులు కలసి దానిని కొనిరి. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఏర్పడెను. 1919 ఏప్రిల్ 5వ తేదీన లాయల్టీ బొంబాయినుండి లండనుకు బయలుదేరెను. ఆనాటికి వాల్‌చంద్‌కు ముప్పదియారేండ్లు. 1964నుండి ఆ తేదీనే భారత దేశమున జాతీయ నౌకాయాన దినముగా జరుపుకొనుచున్నారు.

ఇది ఎంత సాహసమో తెలియవలెనన్న, అంతకు ముందటి కథ జ్ఞాపకము చేసికొనవలెను. 1906లో తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్లై స్వదేశీ నౌకా కంపెనీని స్థాపించెను. ఆంగ్ల కంపెనీ కిరాయిలు తగ్గించి పోటీకి దిగెను. 1908లో పిళ్లై జైలు పాలయ్యెను. 1911 నాటికి కంపెనీ మూతపడెను. పోటీదారుని ముంచుటకు తాను కొంతకాలము నష్టపడుటకైన సిద్ధపడు పెద్ద వ్యాపారి ఎదుట చిన్న వ్యాపారి ఎట్లు నిలుచును? ఈ చిక్కు ఎరిగియే వాల్‌చంద్ బృందము సముద్రమున దిగినది.

లాభములు వెంటనే రాలేదు. లాయల్టీ 1891లో కట్టిన పాత ఓడ. 1923లో దానిని విరుగగొట్టుటకు అమ్మివేయవలసి వచ్చెను. ఆ సంవత్సరమే ఆంగ్ల కంపెనీలతో ఒక ఒప్పందమునకు సింధియా కంపెనీ తలయొగ్గినది. దాని ప్రకారము తీరప్రాంతపు సరుకు రవాణాతోనే తృప్తిపడవలెను. నచ్చిన ఒప్పందము కాదు. కాని కంపెనీ బ్రతికినది. 1929లో నరోత్తమ మొరార్జీ మరణించగా వాల్‌చంద్ అధ్యక్షుడై, 1950వరకు ఆ బాధ్యత వహించెను.

ఓడలు నడుపువానికి ఓడలు కట్టు చోటు కావలెను. దానికి విశాఖపట్టణము ఎన్నుకొనబడెను. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ అచ్చట శంకుస్థాపన చేసెను. సంవత్సరము తిరుగకముందే, 1942 ఏప్రిల్‌లో, జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి. పని చెదరినది. తిరిగి కూడదీసికొని కట్టిన ‘జల ఉష’ నౌకను 1948 మార్చి 14వ తేదీన ప్రధాని నెహ్రూ నీటిలోనికి విడిచెను. ఇంతలో బెంగుళూరున, మైసూరు సంస్థానపు సహాయముతో, 1940 డిసెంబరులో విమానముల కర్మాగారమునుగూడ వాల్‌చంద్ స్థాపించియుండెను.

ఈ రెండును ఆయన చేతిలో నిలువలేదు. విమానముల కంపెనీని 1942లో ప్రభుత్వము తీసికొనెను. నౌకానిర్మాణ కేంద్రములో అధికభాగము 1952లో ప్రభుత్వపరమయ్యెను. 1949లో పక్షవాతము వచ్చి, మరుసటి సంవత్సరము పనులనుండి తప్పుకొని, 1953 ఏప్రిల్ 8వ తేదీన వాల్‌చంద్ కన్నుమూసెను. సింధియా నౌకలు నేడు సముద్రముపై లేవు. కాని విశాఖలో ఓడల పనియు, బెంగుళూరులో విమానముల పనియు నేటికిని జరుగుచున్నవి. స్వంత ఖాతాలో చూచిన నష్టము. లక్ష్యపు ఖాతాలో చూచిన జమ.

ఇందు గ్రహింపదగిన విషయములు నాలుగు.

మొదటిది: లక్ష్యము ఇంటిలో కూర్చుండి ఆలోచించిన దొరకదు. చేతికి వచ్చిన పనిని చక్కగా చేయుచుండగా అది కనబడును. కాంట్రాక్టు పని చేయనిదే వాల్‌చంద్‌కు ఓడ కొను ధైర్యము వచ్చెడిది కాదు.

రెండవది: లక్ష్యమునకు కూడు పెట్టు పని వేరుగా ఉండవచ్చును. దానిని చిన్నచూపు చూడరాదు.

మూడవది: తనకు లేనిది ఉన్నవానిని భాగస్వామిగా వెదకవలెను. తనవంటివారినే చేర్చుకొన్న లోటు లోటుగానే ఉండును.

నాలుగవది: ఒక్కసారిగా ఎన్ని పనులు మోయగలనో చూచుకొనవలెను. వాల్‌చంద్ ఓడలు, విమానములు, మోటారు కార్లు ఇంచుమించు ఒకే కాలమున తలకెత్తుకొనెను. అందరి భుజములు అంత బరువు మోయలేవు.

అందరు ఓడలు కట్టనక్కరలేదు. సరియైన తూకము వేసి, కరువు సంవత్సరమున రైతును అప్పుకై వేధింపక, గుమాస్తాల పిల్లలకు చదువు చెప్పించు చిన్న దుకాణదారునకును లక్ష్యము కలదు. తండ్రి దుకాణములో కూర్చున్న కుమారుడు తక్కువవాడు కాడు. ఎందుకు కూర్చుంటినో తెలియక కూర్చున్నవాడే దుఃఖపడును.

కావున, చదువు ముగించిన బిడ్డ చేతికి – కుమారుడైనను, కుమార్తెయైనను – ఒక క్రొత్త పుస్తకమిచ్చి నాలుగు ఖాతాలు వ్రాయింపుడు. విసుగులేక ఏ పని చేయగలను? ఆ పని ఎవరి అవసరము తీర్చును? పెట్టుబడి ఎంత, ఎన్ని సంవత్సరములు, ఎంత నష్టమువరకు ఓర్చుకొందును? ఎంత లాభము వచ్చినను ఏ పని చేయను? మూడవ ఖాతాలో తండ్రియు తన వంతు వ్రాయవలెను: ఇంత సొమ్ము, ఇన్నేండ్ల గడువు, ఆలోపల ఎత్తిపొడుపు మాట లేదు అని. గడువు దాటిన పిమ్మట కుమారుడును తగవులేక లెక్క చెప్పవలెను.

దీపావళినాడు క్రొత్త లెక్కలు తెరచునపుడు ఆ పుస్తకమునుగూడ తెరచి, తండ్రి బిడ్డలు కలసి చూచుకొనవలెను. వ్రాసినది మారవచ్చును, కొట్టివేయవచ్చును, తప్పు కాదు. సరుకు నిలువ ఏటేట సరిచూచుకొను వర్తకునకు ఇది క్రొత్త విద్య కాదు. కన్నబిడ్డ జీవితమునకును ఆ శ్రద్ధ చూపిన చాలును.