జామపండ్లతో జెల్లీ తయారు చేయు విధానము

జామచెట్లు విరగకాచి పండ్లన్నియు ఒక్కసారిగా బజారుకు వచ్చినప్పుడు, కోతకూలియు బండి కిరాయియు సైతము రాని సందర్భములు రైతులకు క్రొత్త కాదు. పండిన జామ ఎండకాక తగిలినచో మూడు నాలుగు దినములకు మించి నిలువదు. ధర వచ్చువరకు దాచుటకు వీలులేదు. అట్టి సమయమున మిగిలిన పండ్లను గట్టు మీద పారబోయక జెల్లీగా తయారు చేసి సీసాలలో నింపినచో, నెలల తరబడి నిలువయుండును. ఇందుకు పెద్ద యంత్రము లక్కరలేదు. ఇంటి పొయ్యి, ఒక పెద్ద గిన్నె, పలుచని గుడ్డ, త్రాసు ఉన్న చాలును.

జెల్లీ గడ్డకట్టుటకు కారణము

జామలో పెక్టిన్ అను పదార్థము సమృద్ధిగా నున్నది. పెక్టిన్, పులుపు, పంచదార, ఈ మూడును తగుపాళ్లలో కలిసినప్పుడే రసము గడ్డకట్టును. జామలో పెక్టిన్ హెచ్చు, పులుపు తక్కువ. కావున నిమ్మ ఉప్పు గాని నిమ్మరసము గాని చేర్చవలెను.

జిలటిన్ వేయవలెనా యని కొందరడుగుదురు. అక్కరలేదు. జిలటిన్ పశువుల ఎముకలు, తోళ్ల నుండి తీయబడు పదార్థము. అమెరికాలో 1950 ప్రాంతమున కూరగాయ ముక్కలను, పండ్ల ముక్కలను జిలటిన్‌లో గడ్డకట్టించి సలాడుగా వడ్డించుట ఇంటింటి వాడుక. ఆ వంటకము మంచుపెట్టెలో నుండవలసినదే. మన వేసవి వేడికి కరగిపోవును. పచ్చి బొప్పాయి, పచ్చి అనాస ముక్కలు వేసినచో అసలు గడ్డకట్టదు. ఆ పండ్లలోని పదార్థములు జిలటిన్‌ను విరిచివేయును. పెక్టిన్‌తో చేసిన జామజెల్లీకి ఈ బాధ లేదు.

పండ్ల ఎంపిక

ముప్పాతిక పక్వమై, గట్టిగా నున్న కాయలు శ్రేష్ఠము. వాసనకై కొన్ని పండినవి కలుపవచ్చును. మిగుల పండిన వానిలో పెక్టిన్ క్షీణించును. అలహాబాద్ సఫేదా, సర్దార్ అనబడు లక్నో-49 రకములు రెండును పనికివచ్చును. వర్షాకాలపు కాపు చప్పగా నుండును, పండుఈగ పురుగు కూడ హెచ్చు. శీతాకాలపు కాపు మేలు. పురుగు పట్టిన భాగమును కోసి పారవేయవలెను.

రసము తీయుట

1. పండ్లను కడిగి, తొక్క తీయకయే పలుచని ముక్కలుగా కోయవలెను.
2. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలో వేసి, ముక్కలు మునుగునంత నీరు పోయవలెను. ఇనుప పాత్ర, కళాయి లేని రాగి పాత్ర వాడరాదు.
3. కిలో పండ్లకు 2 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, సన్నని మంటపై సుమారు అరగంట ఉడికింపవలెను.
4. గుడ్డలో పోసి వ్రేలాడగట్టి, రసము దానంతట కారనీయవలెను. పిండరాదు. పిండినచో జెల్లీ మసకబారును.
5. రసమును కొన్ని గంటలు కదలక ఉంచి, పైతేటను మాత్రమే వంచుకొనవలెను.

పెక్టిన్ పరీక్ష

పంచదార ఎంత వేయవలెనో ఈ పరీక్ష తెలుపును. చల్లారిన రసము ఒక చెమ్చా గ్లాసులో తీసుకొని, రెండు చెమ్చాల స్పిరిటు అంచు వెంబడి పోసి, మెల్లగా త్రిప్పి కొన్ని నిమిషములు ఉంచవలెను.

ఒకే గట్టి ముద్దగా కట్టినచో లీటరు రసమునకు 1 కిలో పంచదార వేయవలెను.
రెండు మూడు ముద్దలుగా విడినచో ముప్పాతిక కిలో చాలును.
చిన్న రవ్వలుగా విరిగినచో రసమును మరికొంత మరగించి, మరల పరీక్షింపవలెను.

స్పిరిటు విషము. పరీక్షించిన రసమును రుచి చూడక పారవేయవలెను. స్పిరిటును పొయ్యికి దూరముగా, పిల్లలకు అందకుండ ఉంచవలెను.

పాకము

ముందుగా ఖాళీ గిన్నెను తూచి వ్రాసుకొనుడు. రసము మరగిన పిమ్మట పంచదార కలిపి, కరగినంతనే పెద్దమంటపై వడిగా ఉడికింపవలెను. పైకి తేలిన నురుగు తీసివేయవలెను. దింపబోవునప్పుడు లీటరు రసమునకు సుమారు 5 గ్రాముల నిమ్మ ఉప్పును కొంచెము నీటిలో కరగించి చేర్చవలెను. కాయ పులుపైనచో తగ్గింపవచ్చును. ఎక్కువసేపు ఉడికించినచో పెక్టిన్ చెడిపోవును.

పాకము ముదిరినదనుటకు మూడు గుర్తులు:

గరిటెతో తీసి కొంచెము చల్లార్చి వంచినచో తీగవలె గాక పొరవలె జారి తెగిపడును.
ఉష్ణమాపకమున, నీరు మరుగు వేడికన్న 5 డిగ్రీలు హెచ్చుగా చూపును. సముద్రతీరమున ఇది 105 డిగ్రీల సెంటీగ్రేడు. హైదరాబాదు వంటి మెట్ట ప్రదేశములలో కొంచెము తక్కువ.
గిన్నె తూకము తీసివేయగా, జెల్లీ బరువు వాడిన పంచదారకు ఒకటిన్నర రెట్లుండును.

మరగించి ఆరబెట్టిన సీసాలలో వేడిగా నుండగనే నింపవలెను. చెక్కపలకపై పెట్టి నింపినచో సీసా పగులదు. గడ్డకట్టిన పిమ్మట కరగించిన పారఫిన్ మైనము పలుచగా పోసి, మూత బిగింపవలెను.

లోపములు, కారణములు

గడ్డకట్టకుండుట: పెక్టిన్ గాని పులుపు గాని చాలకుండుట, పాకము లేతదగుట, లేదా అతిగా ఉడుకుట.
నీరు వదలుట: పులుపు హెచ్చగుట.
పంచదార పలుకులు కట్టుట: పంచదార హెచ్చగుట.
బూజు పట్టుట: పాకము చాలకుండుట, సీసా తడిగా నుండుట.

మిగిలిన గుజ్జు

గుడ్డలో మిగిలిన గుజ్జును జల్లెడపై రుద్ది గింజలు తీసివేసి, కిలో గుజ్జునకు కిలో పంచదార, 50 గ్రాముల నెయ్యి, 2 గ్రాముల నిమ్మ ఉప్పు చేర్చి, గిన్నె అంచులు వదలువరకు కలియబెట్టుచు ఉడికింపుడు. నెయ్యి రాసిన పళ్లెములో పరచి ముక్కలుగా కోసినచో హల్వా వలె నుండును. గోవాలో దీనినే పెరాడ్ అందురు.

అమ్మదలచినవారికి

ఇంటి వాడుకకు అనుమతి అక్కరలేదు. అమ్మునప్పుడు మాత్రము 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టము క్రింద నమోదు గాని లైసెన్సు గాని పొందవలెను. జెల్లీలో కరగిన ఘనపదార్థము నూటికి 65 వంతులకు తగ్గరాదు. తూకము పరీక్షను పాటించినవారికి ఇది కష్టము కాదు. ఈ విషయమును గ్రామాధికారులు మహిళా సంఘములకు ముందుగనే తెలుపుట మంచిది. సరుకు తయారైన పిమ్మట చిక్కులు రాకుండును.

ఉడికించుటచే జామలోని సి విటమిను చాలభాగము నశించును. కావున పిల్లలకు పచ్చి జామ పెట్టుట మానరాదు. తినగా, అమ్మగా మిగిలిన పంటకే జెల్లీ. మొదటి పర్యాయము 2 కిలోల పండ్లతో చేసి చూచి, పాకము గుర్తు చేతికి పట్టుబడిన పిమ్మటనే పెద్ద ఎత్తున పూనుకొనుడు.