కొండలకు వెళ్ళివచ్చాక జ్వరమా?

వానలు తగ్గిన అక్టోబరు, నవంబరు నెలల్లో మన సంఘ యౌవనస్థులు సైకిళ్ళ మీద తిరుగుతారు, అరకు, అనంతగిరి కొండలెక్కుతారు. మంచిదే. 5 నుండి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కొండ దిగేటప్పుడు మాత్రం పరుగులు వద్దు, కాలు బెణికేది అప్పుడే.

మేము ముఖ్యంగా చెప్పదలచినది మలేరియా గురించి. ఏజెన్సీలో అది ఇంకా ఉంది. ఆ దోమ రాత్రిపూట కుడుతుంది కనుక అక్కడ బస చేస్తే దోమతెర తప్పనిసరి. చలిజ్వరం సాధారణంగా వారం నుండి నెల రోజుల్లో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. అప్పటికి ప్రయాణం సంగతే మరచిపోతారు! జ్వరం బిళ్ళ వేసుకుని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. కొండలకు వెళ్ళామని డాక్టరుగారికి చెప్పండి. ఫాల్సిపారం రకమైతే 24 గంటల ఆలస్యం కూడా ప్రాణం మీదికి తేవచ్చు.