క్షయ క్రిమి లోపలే తయారయ్యే మందు

క్షయ రోగి రోజూ మింగే మాత్రల్లో ఐసోనియాజిడ్ ఒకటి. 1912లోనే ప్రేగ్‌లో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని తయారుచేశారు. క్షయకు పనిచేస్తుందని తేలేసరికి 1950లు వచ్చేశాయి. ఆ నలభై ఏళ్లలో దగ్గి దగ్గి రాలిపోయినవాళ్లను తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మాత్రలో ఉన్నది ఇంకా మందు కాదు, ముడిసరుకు. అణువు చాలా చిన్నది కాబట్టి క్రిమి మైనపు గోడలోంచి దూరిపోతుంది. లోపల కాట్‌జీ అనే ఎంజైము ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరిచి క్రిమిని కాపాడటం దాని అసలు పని. ఐసోనియాజిడ్ దాని చేతిలో పడితే హైడ్రజీన్ తోక ఊడి, చురుకైన ముక్కొకటి మిగులుతుంది. ఆ ముక్క వెంటనే ఎన్‌ఏడీ అనే సహాయక అణువుకు అతుక్కుంటుంది. ఈ జోడీయే అసలు మందు.

ఇక పట్టు పడేది ఇన్‌హెచ్‌ఏ అనే మరో ఎంజైము మీద. గోడకు కావలసిన మైకోలిక్ ఆమ్లాల కోసం పొడవాటి కొవ్వు గొలుసులు అల్లే వరసలో, ఒక్కో జంట బంధాన్ని ఒంటి బంధంగా మార్చేది ఇదే. అందుకు హైడ్రోజన్ అందించే ఎన్‌ఏడీహెచ్‌కు దానిలో ఒక చోటుంది. జోడీలో చాలా భాగం అచ్చం ఎన్‌ఏడీహెచ్‌లాగే ఉండటంతో నేరుగా వెళ్లి అక్కడే కూర్చుంటుంది. కొత్తగా అతుక్కున్న ముక్కలోని వలయానికి మాత్రం చోటు చాలదు. అప్పుడు ఎంజైములో 149వ స్థానంలోని ఫినైల్అలనీన్ అనే అమైనో ఆమ్లం పక్కకు తిరుగుతుంది, ఒక చిన్న అర తెరుచుకుంటుంది, వలయం అందులో ఒదిగిపోతుంది. ఎంజైముతో రసాయన బంధమేదీ పడదు. మొదట వదులుగా ఉన్న పట్టు నెమ్మదిగా బిగుస్తుంది, బిగిశాక ఓ పట్టాన వదలదు. లీటరుకు ఒక నానోమోల్ లోపు జోడీ ఉన్నా సగం ఎంజైము కదలకుండా పోతుంది. గొలుసులు ఆగిపోతాయి. పెరుగుతున్న క్రిమి గోడ కరువై చచ్చిపోతుంది.

అయితే కొన్ని క్రిములు ఈ మందుకు లొంగవు. కాట్‌జీలో 315వ స్థానంలోని సెరీన్ పోయి థ్రియోనీన్ వచ్చిందనుకోండి. తేడా ఒక్క మిథైల్ గుంపు, అంతే. మాత్ర లోపలికి వెళ్తుంది గానీ జోడీ సరిగా తయారవదు. ఇంకొన్ని క్రిములు ఇన్‌హెచ్‌ఏను ఎక్కువెక్కువగా తయారుచేసుకుని, ఉన్న మందు చాలకుండా చేస్తాయి. క్రిమి జన్యువుల్లో మార్పులు వెతికే లైన్ ప్రోబ్ పరీక్షలో ఈ రెండు ఎంజైముల జన్యువులనూ విడివిడిగా చూసేది ఇందుకే. మార్పు ఇన్‌హెచ్‌ఏ వైపే ఉంటే వైద్యులు మోతాదు పెంచి చూడవచ్చు. కాట్‌జీ దగ్గరే తయారీ ఆగిపోతే ఆ వీలు బాగా తగ్గిపోతుంది.