ఒడిదుడుకుల గిరాకీ – ఒకే తీరు ఉత్పత్తి

పి.జి.లో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదువుతూ మేము నేర్చుకున్న ఒక పాఠాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందుంచుతున్నాం.

కర్మాగారానికి ఆర్డర్లు రోజూ ఒకేలా రావు. ఒక వారం కుప్పలుగా వస్తాయి, మరో వారం అసలు రావు. వచ్చినవి వచ్చినట్టే చేస్తే ఏమవుతుంది? ఆర్డర్లున్న వారం ఓవర్‌టైమ్, లేని వారం "రేపు పనికి రావద్దు" అనే మాట. ఆ మాట ముందుగా పడేది రోజుకూలీ మీదనే. మనలో ఎందరి ఇళ్ళల్లోనో ఆ మాట విన్నవారున్నారు.

జపాన్‌లోని టయోటా కార్ల కంపెనీలో యుద్ధం తర్వాతి సంవత్సరాల్లో నెల మొదటి సగం విడిభాగాలు కూడబెట్టడం, రెండో సగం హడావుడిగా కార్లు బిగించడం జరిగేది. ఏడాదంతా పుస్తకం ముట్టకుండా పరీక్షల ముందు రాత్రంతా చదివినట్టు! 1950లో ఆ కంపెనీ ఆర్థిక సంక్షోభంలో పడింది. సమ్మె జరిగింది, సుమారు 2,000 మంది ఉద్యోగాలు కోల్పోయారు. తర్వాత ఇంజనీరు తైచి ఓనో (1912–1990), ఆయన సహచరులు రూపొందించిన ఉత్పత్తి విధానంలో ఒక భాగమే "హెయిజుంకా". అంటే ఎత్తుపల్లాలను చదును చేయడం.

ఒక ఫ్యాన్ల ఫ్యాక్టరీని ఊహించుకుని దాని సూత్రాలు చూద్దాం.

1. భాగహారం: నెలకు సీలింగ్ ఫ్యాన్లు 600, టేబుల్ ఫ్యాన్లు 300, స్టాండ్ ఫ్యాన్లు 300 కావాలి. పనిదినాలు 25. అంటే రోజుకు 24, 12, 12, మొత్తం 48.

2. తాళం: రోజుకు పని 480 నిమిషాలు. 480ని 48తో భాగిస్తే 10. ప్రతి 10 నిమిషాలకు ఒక ఫ్యాన్ బయటికి రావాలి. దీన్ని "టాక్ట్ టైమ్" అంటారు.

3. కలగలుపు: ముందు 600 సీలింగ్ ఫ్యాన్లూ చేసేస్తే, స్టాండ్లు సరఫరా చేసే చిన్న షెడ్డుకు సగం నెల పనుండదు. కనుక 2:1:1 నిష్పత్తిలో సీలింగ్, టేబుల్, సీలింగ్, స్టాండ్ అనే వరుసను రోజుకు 12 సార్లు తిప్పాలి.

4. త్వరిత మార్పిడి: రకం మారినప్పుడల్లా అచ్చు మార్చడానికి గంటలు పడితే ఈ వరుస నడవదు. టయోటాలో ఒక పెద్ద ప్రెస్సుకు 4 గంటలు పట్టే అచ్చు మార్పిడిని 1970 ప్రాంతంలో 3 నిమిషాలకు తెచ్చారు.

5. కొద్దిపాటి నిలవ: రోజువారీ హెచ్చుతగ్గులను సిద్ధంగా ఉంచిన సరుకుతో సర్దాలి. గిరాకీ నిజంగా మారితే వచ్చే నెల ప్రణాళికలో మార్చాలి.

అయితే చదును చేసినంత మాత్రాన శ్రమ తేలిక కాదు. సతోషి కమాటా అనే పత్రికా రచయిత 1972లో టయోటాలో తాత్కాలిక కార్మికుడిగా చేరి, లైను వేగం మనిషిని ఎలా నలుపుతుందో 1973లో పుస్తకంగా రాశారు. మన లెక్కలోనే 10 నిమిషాలను 8 చేస్తే కాగితం మీద మారేది ఒక్క అంకె. లైనులో నిలబడ్డవారికి మాత్రం అదే రోజులో 12 ఫ్యాన్లు ఎక్కువ.

తమ్ముళ్ళూ, ఇందులో ఉన్నవి హైస్కూలు లెక్కలే, భయపడకండి. రేపు మీలో కొందరు ప్లానింగ్ ఇంజనీర్లు అవుతారు. ఆ భాగహారం చేసేటప్పుడు లైనులో నిలబడ్డవారిని తలచుకోండి. వాళ్ళు మన ఇంటివాళ్ళే.