పాత కారుకు కొత్త సైలెన్సర్ పైపు: బిగించే పద్ధతి, దాని వెనుక సైన్సు



పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదవాలనుకునే వారి కోసం ఈ పాఠం. భోకర్ నుంచి నాందేడ్‌కు, భైంసా మీదుగా నిర్మల్‌కు వెళ్లే రోడ్డు మీద పాత కార్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అలాంటి బండ్లలో తరచుగా తుప్పు పట్టి చిల్లులు పడే భాగం పొగ గొట్టం. గ్యారేజీలో దీన్నంతా కలిపి సైలెన్సర్ అనే అంటారు.

ఎందుకు తుప్పు పడుతుంది?

పెట్రోలులో కార్బన్, హైడ్రోజన్ ఉంటాయి. మండినప్పుడు హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. దూర ప్రయాణంలో గొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి వెళ్లిపోతుంది. ఇంటి నుంచి బజారు దాకా మాత్రమే తిరిగే బండిలో అది చల్లబడి సైలెన్సర్ డబ్బాలో నీరుగా నిలుస్తుంది. అందుకే డబ్బా లోపలి నుంచే తినేస్తుంది. చాలా డబ్బాల అడుగున నీరు కారడానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది చిల్లు అనుకొని మూసేయకూడదు.

శబ్దం కంటే పెద్ద ప్రమాదం

ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. చిల్లు పడిన గొట్టం నుంచి ఈ వాయువు కారు లోపలికి చేరితే ముందు తలనొప్పి, మత్తు వస్తాయి, తర్వాత స్పృహ పోతుంది. చలికాలం అద్దాలు మూసుకొని వెళ్లేవారికి ఈ ముప్పు ఎక్కువ.

బిగించే పద్ధతి

1. బండి పూర్తిగా చల్లారాలి. సమతల నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టాలి. జాకీతో లేపాక కింద తప్పనిసరిగా స్టాండ్లు పెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి ఎన్నడూ దూరకూడదు.

2. కళ్లద్దాలు పెట్టుకోవాలి. తుప్పు పట్టిన నట్లకు రస్ట్ స్ప్రే కొట్టి కాసేపు ఆగాలి. బలవంతం చేస్తే స్టడ్ విరుగుతుంది.

3. ఫ్లాంజ్ నట్లు విప్పి, రబ్బరు హ్యాంగర్ల నుంచి పాత పైపును దించాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వంపులు, పొడవు సరిచూడాలి.

4. ఫ్లాంజ్ ముఖం శుభ్రం చేసి కొత్త గ్యాస్కెట్ వేయాలి. పాత గ్యాస్కెట్ మళ్లీ వాడితే పొగ కారుతుంది. పగిలిన రబ్బర్లు కూడా మార్చాలి.

5. ముందు పైపును రబ్బర్లకు వేలాడదీసి, నట్లన్నీ చేత్తో మాత్రమే తిప్పాలి. పైపు బాడీకి, బ్రేకు పైపుకు, పెట్రోలు పైపుకు తగలకుండా సర్దాలి. తర్వాత ఇంజన్ వైపు నుంచి వెనక్కి వస్తూ, ఒక్కో నట్టును మార్చి మార్చి సమంగా బిగించాలి.

6. ఆరుబయట ఇంజన్ స్టార్ట్ చేసి, అతుకుల దగ్గర బుస్సుమనే శబ్దం వస్తుందేమో వినాలి. కొత్త పైపు మీది నూనె కాలి మొదట కొద్దిగా పొగ రావచ్చు. కొంతదూరం నడిపి, చల్లారాక నట్లు మరోసారి చూడాలి.

క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో దాన్ని తీసేసి మామూలు గొట్టం వేయమని కొందరు అడుగుతారు. అలా చేయకూడదు. విషవాయువులను తగ్గించేది అదే. బండికి పీయూసీ సర్టిఫికెట్ కూడా ఉండాల్సిందే.

తల్లిదండ్రులకు ఒక మాట

మార్కులు తక్కువ వచ్చినవాడికే మెకానిక్ పని అనుకోకండి. ఈ ఒక్క పనిలోనే రసాయన శాస్త్రం ఉంది, భౌతిక శాస్త్రం ఉంది, ఒక కుటుంబం ప్రాణం కూడా ఉంది. పిల్లలు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నేర్చుకోవాలి, ఒంటరిగా కారు కిందికి వెళ్లకూడదు. నట్టు బిగించడం ఎవరైనా నేర్పుతారు. ఎందుకు బిగించాలో తెలిసినవాడే మంచి మెకానిక్ అవుతాడు.

అభ్యాసం: లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఎలా వస్తుందో ఆక్టేన్ సమీకరణం రాసి లెక్కకట్టండి.