జిడ్డు ముఖానికి రాత్రిపూట నూనె: మా ఇంట్లో నేర్చుకున్న పాఠం

విజయవాడ నుంచి ఢిల్లీ జోనల్ ఆఫీసుకు బదిలీ అయి వస్తున్నప్పుడు తోటివాళ్లంతా చలి గురించి, కాలుష్యం గురించి హెచ్చరించారు. ముఖం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నాది చిన్నప్పటి నుంచీ జిడ్డు చర్మం. బెజవాడ ఎండల్లో సాయంత్రం క్యాష్ టాలీ అయ్యేసరికి నుదురూ ముక్కూ నూనె పూసినట్టు మెరిసేవి. రుమాలుతో తుడుచుకోవడం, వీలైనప్పుడల్లా సబ్బుతో కడుక్కోవడం... ఇరవై ఏళ్లుగా ఇదే నా అలవాటు.

ఘజియాబాద్ పక్క వైశాలిలో కాపురం పెట్టాం. మొదటి డిసెంబరులోనే విచిత్రం మొదలైంది. ముక్కు మీద జిడ్డు జిడ్డుగానే ఉంది, కానీ బుగ్గలు బిగుసుకుపోయి పెదవుల పక్కన పొట్టు లేస్తోంది. పొద్దున్నే మెట్రోలో మాస్కు రాపిడి, ఆఫీసులో హీటరు, ఇంటికొస్తే కుళాయిల మీద తెల్లటి చారలు కట్టించే ఉప్పు నీళ్లు. జిడ్డూ పొడీ ఒకే ముఖం మీద ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు.

"రాత్రి పడుకునే ముందు ముఖానికి ఇంత కొబ్బరినూనె రాయవే, అదే సర్దుకుంటుంది" అన్నారు మా అత్తయ్య. ఫోనులో కనిపించే వీడియోలూ అదే చెప్పాయి. నూనె రాస్తే చర్మం తన నూనె తయారీ తనే తగ్గించుకుంటుందట! నాకూ సబబుగానే తోచింది. రాశాను. మూడు వారాలకు గడ్డం నిండా చిన్నచిన్న గడ్డలు. అక్కడితో ఆగినా బాగుండేది. పదకొండో తరగతి చదివే మా అమ్మాయికి అప్పటికే మొటిమలు. "నువ్వూ రాయవే" అని దాని చేతా రాయించాను.

అసలు కథ అక్కడ మొదలైంది. నేను ఇది రాయడానికి మా అమ్మాయి ఒప్పుకుంది. మనలో మరో ఇంట్లో ఇలా జరగకూడదనే రాస్తున్నాను.

తెలియక చేసిన రెండో తప్పు

మొటిమలు రెట్టింపయ్యాయి. భయపడి వీధి చివరి మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇచ్చారు. వారంలో ముఖం నిగనిగలాడింది. హమ్మయ్య అనుకున్నాం. రెండు నెలలు వాడాక ఒకసారి ట్యూబు అయిపోయి నాలుగు రోజులు ఆపితే ముఖమంతా ఎర్రబడి, మంటపుట్టి, మునుపటికంటే ఎక్కువ మొటిమలు పొడిచాయి. బడిలో గ్రూపు ఫొటో రోజున జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయింది. ఇంట్లో కూడా మాస్కు తియ్యడం మానేసింది. ఒకరోజు నేను నీళ్లగదిలోకి వెళ్లేసరికి అద్దానికి పాత న్యూస్‌పేపరు అంటించి ఉంది. నలభై దాటిన నాకు ముఖం మీద పొట్టు ఒక చిరాకు, అంతే. పదహారేళ్ల పిల్లకు అది ప్రపంచమంతా.

ఆ మర్నాడే సెలవు పెట్టి ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించాం. డాక్టరమ్మ ట్యూబు తిప్పి చూసి, "ఇందులో స్టెరాయిడ్ ఉంది" అన్నారు. అలాంటి పూతమందు ఎరుపునూ వాపునూ త్వరగా అణచివేస్తుంది కాబట్టి నయమైనట్టు కనిపిస్తుంది. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు తేలతాయి, కొత్త మొటిమలు పుడతాయి, ఆపితే మంటతో తిరగబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీతోనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే నేను చీటీ లేకుండా అడగడమే తప్పు.

తర్వాత ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసి అన్న మాట ఈ వ్యాసానికంతటికీ మూలం: "మీ ఇద్దరిదీ జిడ్డు చర్మమే. కానీ సమస్య ఒకటి కాదు. మీకు నీరు తక్కువైంది, అమ్మాయికి మొటిమల జబ్బు ఉంది. ఒకే నూనె ఇద్దరికీ మందు ఎలా అవుతుంది?"

జిడ్డు వేరు, తేమ వేరు

చర్మంలోని సెబేషియస్ గ్రంథులు సెబమ్ అనే జిడ్డును స్రవిస్తాయి. నుదురు, ముక్కు, గడ్డం మీద ఈ గ్రంథులు ఎక్కువ. వీటిని నడిపించేవి ప్రధానంగా ఆండ్రోజెన్ హార్మోన్లు. అందుకే యుక్తవయసులో జిడ్డు పెరుగుతుంది. పైన నూనె రాసినంత మాత్రాన లోపలి గ్రంథికి "ఇక చాలు" అన్న కబురు వెళ్లదు. హెడ్డాఫీసు ఉత్తర్వు హార్మోన్లది. బ్రాంచి గుమ్మంలో మనం పెట్టిన బోర్డు చూసి అది మారదు. కాబట్టి నూనె రాస్తే జిడ్డు తగ్గుతుందన్న మాట నిలబడేది కాదు.

తేమ అంటే చర్మం పై పొరలోని నీరు. ఆ పొరలో కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థాలు సున్నం. గాఢమైన సబ్బు, వేడినీళ్లు, పొడిగాలి ఆ సున్నాన్ని కరిగిస్తే లోపలి నీరు ఆవిరైపోతుంది. గ్రంథి మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే ముఖం మెరుస్తూనే బిగుసుకుపోతుంది. ఢిల్లీ చలికాలంలో నాకు జరిగిందిదే. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో కడిగి నేనే దాన్ని పెంచుకున్నాను.

నూనెలో నీరు ఉండదు. అది తేమను ఇవ్వదు, ఉన్న తేమను కొంతవరకు పోకుండా ఆపుతుంది, గరుకును మెత్తబరుస్తుంది. ఎండిపోయిన కుండకు మూత పెట్టి ఏం లాభం? ముందు నీరు పోయాలి. ముఖానికి ఆ నీరు పట్టి ఉంచే పని గ్లిజరిన్ వంటి పదార్థాలున్న మాయిశ్చరైజరుది. ఆ తర్వాతే నూనె, అదీ అవసరమైతేనే.

నూనెలకూ కేవైసీ చేద్దాం

ఖాతా తెరిచే ముందు మనం కాగితాలు చూస్తాం కదా, నూనెకూ అదే పద్ధతి.

కొబ్బరినూనె: ఒంటికి, పొడి చర్మానికి మంచిదే. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం రంధ్రాలు మూసే గుణం ఎక్కువని పేరున్న నూనె.

ఆవనూనె: ఉత్తరాదిలో చలికాలం మర్దనకు వాడతారు. మా పక్కింటావిడ కూడా సిఫారసు చేశారు. అందులోని ఘాటు పదార్థం చర్మాన్ని రేపగలదు. ముఖానికి వద్దు.

ఆలివ్ నూనె: ఖరీదైనంత మాత్రాన మేలైనది కాదు. ఇందులో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లం చర్మపు రక్షణ పొరను వదులు చేస్తుంది.

లినోలియిక్ ఆమ్లం ఎక్కువున్న నూనెలు: పొద్దుతిరుగుడు, కుసుమ, ద్రాక్షగింజల నూనెలు ఈ కోవలోవి. మొటిమలున్నవారి సెబమ్‌లో ఈ ఆమ్లం పాలు తక్కువగా ఉంటుందని పరిశోధకులు గమనించారు. అందుకే జిడ్డు చర్మానికి వీటిని సూచిస్తారు. ఇవి మొటిమలకు మందని దానర్థం కాదు. వంటింటి డబ్బాలోంచి తీసి రాయడం కూడా వద్దు, తెరిచి ఉంచిన నూనె గాలికి చెడుతుంది.

జొజొబా: రాజస్థాన్ ఎడారి నేలల్లోనూ పండిస్తున్నారు. రసాయనికంగా ఇది నూనె కాదు, ద్రవరూపంలో ఉన్న మైనం. మన సెబమ్‌లోనూ ఇలాంటి మైనం ఒక భాగం.

స్క్వాలేన్: సెబమ్‌లో సహజంగా ఉండే స్క్వాలీన్‌ను చెడిపోకుండా స్థిరపరిచిన రూపం. ఆలివ్ నుంచి, చెరకు నుంచి తయారవుతోంది. తేలిక, వాసన ఉండదు.

కుంకుమాది తైలం: మా అత్తయ్యకు దీనిమీద గురి ఎక్కువ. సంప్రదాయ పద్ధతిలో దీనికి ఆధారం నువ్వులనూనె. జిడ్డు ముఖానికి బరువవుతుంది. ఆయుర్వేద వైద్యుల సలహా లేకుండా పిల్లలకు రాయొద్దు.

టీట్రీ, నిమ్మ వంటి సుగంధ తైలాలు: నేరుగా ఎప్పుడూ రాయకూడదు. మంట, ఎలర్జీ రావచ్చు. నిమ్మజాతి తైలాల్లో కొన్ని రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోతుంది.

రంధ్రాలు మూసే గుణానికి సున్నా నుంచి అయిదు వరకు మార్కులు వేసిన జాబితాలు మీకు కనిపించే ఉంటాయి. ఆ పరీక్షల్లో చాలావరకు కుందేలు చెవుల మీద చేసినవి. ఆ చర్మం మనదానికంటే త్వరగా స్పందిస్తుంది. పైగా ఒక నూనె మార్కు, అది కలిసిన క్రీము మార్కు ఒకటి కావు. జాబితా దారి చూపుతుంది, తీర్పు మాత్రం మీ ముఖానిదే.

రాత్రి నేను పాటించే వరుస

ఇల్లు చేరగానే సన్‌స్క్రీనూ, రోజంతా పేరుకున్న దుమ్మూ పోయేలా గాఢత లేని క్లెన్సరుతో ఒక్కసారి, గోరువెచ్చని నీటితో కడుగుతాను. తువ్వాలుతో రుద్దకుండా అద్దుతాను. ముఖం కాస్త తడిగా ఉండగానే జెల్ మాయిశ్చరైజరు రాస్తాను. రెండు నిమిషాలాగి, రెండు మూడు చుక్కల స్క్వాలేన్ అరచేతుల్లో పరిచి, పొడిబారిన బుగ్గల మీద, పెదవుల పక్కన మాత్రమే అద్దుతాను. నుదురు, ముక్కు, గడ్డం జోలికి పోను. పడుకోవడానికి అరగంట ముందే ఇదంతా అయిపోతుంది, లేకపోతే సగం దిండు గలీబుకే పోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, వారానికి మూడు రాత్రులు. మార్చి రాగానే సీసా లోపల పెట్టేస్తాను. ఎండాకాలంలో నాకు మాయిశ్చరైజరు ఒక్కటే సరిపోతుంది.

కొత్త నూనెకు ప్రొబేషన్ తప్పదు. మొదట మోచేతి మడతలో నాలుగైదు రోజులు రాసి దురద, ఎరుపు ఉన్నాయేమో చూడాలి. తర్వాత దవడ పక్కన చిన్న చోట. మొటిమ చర్మం లోపల తయారవడానికి వారాలు పడుతుంది కాబట్టి నెలా నెలన్నర చూశాకే పర్మనెంటు చెయ్యాలి. ఒకేసారి రెండు కొత్త వస్తువులు మొదలుపెడితే ఏది చెడు చేసిందో తేలదు.

ఒక చిన్న లెక్క. ముప్పై మిల్లీలీటర్ల సీసాలో సుమారు 600 చుక్కలు. రాత్రికి మూడు చొప్పున 200 రాత్రులు. వారానికి మూడు రాత్రులైతే 66 వారాలకు పైనే. అంటే సీసా అయ్యేలోపే నూనె చెడిపోవచ్చు. అందుకే చిన్న సీసా, ముదురు రంగు సీసా కొనండి. తెరిచిన తేదీ దానిమీద రాసుకోండి. వాసన మారితే పారెయ్యండి, డబ్బు పోయిందని ముఖానికి రాసుకోకండి.

ఎవరు రాయకూడదు?

చీముపట్టిన మొటిమలు, నొప్పి పెట్టే గడ్డలు ఉన్నవారు నూనెతో ప్రయోగాలు చెయ్యకూడదు. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి మందులు డాక్టరు రాసి ఉంటే, వాటితో పాటు ఏం రాయాలో ఆయన్నే అడగాలి. నుదుటి మీద ఒకే సైజులో దురదపెట్టే చిన్న పొక్కులు, తలలో చుండ్రు ఉంటే అది మలాసీజియా అనే ఈస్టు పని కావచ్చు. చాలా నూనెల్లోని కొవ్వు ఆమ్లాలే దానికి ఆహారం. మొటిమలతో పాటు నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్న ఆడపిల్లలను ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. అక్కడ చూడవలసింది హార్మోన్లను.

మరో మాట మన తెలుగిళ్లకు ప్రత్యేకం. తలకు దట్టంగా నూనె పెట్టి, జడ వేసి, రాత్రంతా అలాగే పడుకుంటే అది నుదుటి మీదికి, దిండు మీదికి దిగుతుంది. తలనూనె వల్ల నుదుటి అంచున వచ్చే మొటిమలను వైద్యులు ప్రత్యేకంగా గుర్తిస్తారు. తలంటు మానమని కాదు. నూనె పెట్టిన రెండు గంటల్లో తలస్నానం చేయించండి, గలీబు వారానికి రెండుసార్లు మార్చండి.

చివరకు మా ఇంట్లో

మా అమ్మాయి ముఖం బాగుపడటంలో నూనె పాత్ర ఏమీ లేదు. స్టెరాయిడ్ ట్యూబును డాక్టరమ్మ పర్యవేక్షణలో మానిపించి, తర్వాత మొటిమలకు చికిత్స మొదలుపెట్టారు. మొదటి ఆరు వారాలు మార్పే కనబడలేదు. "అమ్మా, ఇది కూడా పనిచెయ్యట్లేదు" అని ఏడ్చిన రాత్రులున్నాయి. నాలుగు నెలలకు ఎరుపు తగ్గింది. కొన్ని మచ్చలు ఇంకా ఉన్నాయి.

మా అత్తయ్యకు కొంచెం కష్టం తోచింది. "నా మాట వినే పిల్ల ముఖం పాడైందా?" అని ఒకరోజు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మీరు ప్రేమతో చెప్పారు అత్తయ్యా, అడక్కుండా ట్యూబు తెచ్చింది నేను" అన్నాను. అది నిజమే. ఇప్పుడు ఆవిడ కొబ్బరినూనె తన కాళ్లకు రాసుకుంటారు, చలికి మడమలు పగలకుండా. మనవరాలే కూర్చుని రాస్తుంది.

లోను ఇచ్చే ముందు అవసరమేమిటో అడగకుండా సంతకం పెట్టం కదా. ముఖం విషయంలోనూ ముందు అడగాల్సింది "ఏ నూనె మంచిది?" అని కాదు, "దీనికి అసలు ఏం తక్కువైంది?" అని. నాకు నీరు తక్కువైంది, రెండు చుక్కల నూనె సాయపడింది. మా అమ్మాయికి వైద్యం కావలసి వచ్చింది. ఆ తేడా తెలుసుకోవడానికి మాకు ఒక చలికాలం పట్టింది.

మొన్న జనవరిలో బడి వీడ్కోలు సభకు చీర కట్టుకుని వెళ్లేముందు, నీళ్లగది అద్దానికి మిగిలిపోయిన న్యూస్‌పేపరు ముక్కను తనే గోటితో గీకి తీసేసింది. ఫొటో కూడా దిగింది, మాస్కు లేకుండా.